పద్దెనిమిది వేల ఐదు వందల సంతకం

సభకు అధ్యక్షత వహిస్తున్న మన ఆసుపత్రి ముఖ్య వైద్యులు డాక్టర్ గోవిందరాజ్ గారికి, దండ బరువుకి కాస్త ముందుకు వంగి కూర్చున్న నేటి కథానాయకుడు, ముప్పై మూడేళ్ళుగా ఇక్కడ మెకానిక్‌గా ఉన్న దామోదరసామి మామకి, ఆ మెకానిక్‌నే ముప్పై ఆరేళ్ళుగా మరమ్మత్తు చేస్తూ వస్తున్న చెల్లమ్మాళ్ అత్తకి, వాళ్ళ పక్కన కూర్చున్న మనవరాలు కార్తికకి, హెడ్ నర్సు ఇసక్కిసెల్వి సిస్టర్‌కి, వెనక వరుసల్లో కూర్చుని సాంబారన్నం గిన్నెల వైపు ఒక కన్ను వేసి ఉంచిన నా తోటి సిబ్బందికి, కోవిల్‌పట్టి పుర ప్రముఖులెవరైనా దారితప్పి లోపలికి వచ్చి ఉంటే వారికి, నా వణుకుతున్న నమస్కారాలు.

వణుకుతున్న అనే మాట అందం కోసం వేసింది కాదు. చూడండి. (చేతిలోని కాగితం పైకెత్తి చూపిస్తాడు. నవ్వులు.) ఫ్యాను గాలికి కాదు, ఫ్యాను అటు పక్క ఉంది. నిన్న మధ్యాహ్నం మూడు గంటల నుంచి ఈ చెయ్యి ఇలాగే ఉంది. ఎందుకో చెప్పడానికే వచ్చాను గానీ, మర్యాదలు ముందు పూర్తి చేస్తాను.

అధ్యక్షుల వారి అనుమతితో ఈ ప్రసంగం తెలుగులో చేస్తాను. ఇక్కడున్న వాళ్ళలో సగం మందికి ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. "కడాకి ఒక్కసారైనా మైకులో మన మాట వినాలరా" అని మామ అడిగాడు. అధ్యక్షుల వారు బయట చెప్పుకోరు గానీ ఆయన ఇంట్లోనూ తెలుగే. వాళ్ళ అమ్మగారు ఈసీజీ తీయించుకోవడానికి వచ్చి, వైర్లు చల్లగా ఉన్నాయని తిట్టినప్పుడు నాకు తెలిసిపోయింది. (నవ్వులు.) ఇసక్కిసెల్వి సిస్టర్‌కి తెలుగు రాదు కాబట్టి పక్కనున్న మన అకౌంట్స్ జెబకుమార్ అన్న తర్జుమా చేస్తాడు. అన్నా, తిట్లు వస్తే దాటేసి చెప్పు.

ఇంకో సంగతి. ఈ కాగితంలో ఉన్న తెలుగు తమిళ అక్షరాల్లో ఉంది. మనం మాట్లాడేవాళ్ళమే గానీ రాసేవాళ్ళం కాదు కదా. నా మాటల్లో ఎక్కడైనా పుస్తకం వాసన వస్తే అది హాస్టల్లో నాలుగేళ్ళు నా పక్క మంచం మీద పడుకున్న నెల్లూరు కుర్రాడి పుణ్యం. నేను నోరు తెరిస్తే వాళ్ళ తాతమ్మ లేచొచ్చినట్టుందని మొదటి ఏడాదంతా నవ్వి, రెండో ఏడాది జాలిపడి నేర్పించాడు. ఈ వీడియో వాడికి పంపిస్తానని మాటిచ్చాను.

నన్ను ఎరగని వాళ్ళకి ఒక్క ముక్క. పేరు హరికృష్ణన్. విళాత్తికుళం పక్కన నల్లరేగడి పల్లె. మిరప, పత్తి, వాన వస్తే నవ్వు, రాకపోతే అదీ లేదు. చదివింది బయోమెడికల్ ఇంజనీరింగ్. ఆసుపత్రిలో బీపీ డబ్బా మొదలుకొని వెంటిలేటర్ దాకా ప్రతి యంత్రమూ బతికుందా, నిజమే చెబుతోందా అని చూసే ఉద్యోగం. మూడేళ్ళయింది. వర్క్‌షాపులో రెండు కుర్చీలు. ఒకటి మామది, ఒకటి నాది. నాది తిరిగే కుర్చీ, ఎందుకంటే నేను ఇంజనీరు. (నవ్వులు.)

పోయిన గురువారం మామ ఆ తిరిగే కుర్చీని పట్టుకుని ఆపి, నాతో రహస్యంగా ఒక ఒప్పందం చేసుకున్నాడు. అత్తా, ఆ రహస్యం ఇప్పుడు బయటపెడుతున్నాను, మన్నించు. మామ అన్నాడూ: "ఆ సభలో అందురూ నన్ను పొగుడుతారు. నువ్వు నన్ను పొగడొద్దురా హరీ. నువ్వు సదివిన సదువుండాదే, దాన్ని పొగుడు. మీ అత్త వినేట్టు పొగుడు."

విషయం ఏమిటంటే, కార్తిక పన్నెండో తరగతి మంచి మార్కులతో పాసయింది. విరుదునగర్ వైపు ఒక కాలేజీలో బయోమెడికల్ సీటు, మేనేజ్‌మెంట్ కోటాలో, మామ మాట్లాడి వచ్చాడు. నాలుగేళ్ళకి ఫీజు, హాస్టలు, బస్సు, ఆ పేరూ ఈ పేరూ కలిపి తొమ్మిది లక్షలు. రేపు పొద్దున పది గంటలకి లక్షన్నర అడ్వాన్సు కట్టాలి. కాసేపట్లో అధ్యక్షుల వారు ఈ వేదిక మీద మామ చేతికి ఒక కవరు ఇస్తారు. అందులో గ్రాట్యుటీ చెక్కు, రెండు లక్షల అరవై ఆరు వేలు. వచ్చే నెల పీఎఫ్ నాలుగు లక్షల చిల్లర వస్తుంది. మిగతాదానికి కార్తిక పేరు మీద బ్యాంకు అప్పు. ఆ దరఖాస్తు ఇప్పుడు కూడా మామ చొక్కా జేబులో ఉంది, దండ కింద చూడండి, తెల్లగా తొంగి చూస్తోంది. అంటే ముప్పై మూడేళ్ళ చెమట మొత్తం ఒక సీటు మీద. అత్తకి ఇష్టం లేదు. ఆ ఇష్టాన్ని తెప్పించే పని నాది. కాబట్టి మహాజనులారా, ఇది వీడ్కోలు ప్రసంగం వేషంలో వచ్చిన పెళ్ళిళ్ళ పేరయ్య రాయబారం.

నేను ఒప్పుకున్నాను. ఒప్పుకున్నందుకు రెండు వేరుశనగ మిఠాయిలు కూడా తిన్నాను.

సరే, పొగడొద్దన్నాడు గానీ కొంచెం పొగుడుతాను, ఊరుకో మామా.

నేను ఈ ఆసుపత్రిలో అడుగుపెట్టిన రోజు లామినేషన్ చేయించిన డిగ్రీ చంకలో ఉంది. ఎండలో లామినేషన్ చొక్కాకి అతుక్కుపోయి, దాన్ని పీకుతూ లోపలికి వచ్చాను. పసిపిల్లల వార్డులో వెచ్చదనం ఇచ్చే బల్ల ఒకటి ఉంది, వార్మర్ అంటాం. సిస్టర్‌కి దాని మీద అనుమానం. తెర మీద అంకె సరిగ్గానే ఉంది. నేను ఫోన్లో మాన్యువల్ తెరిచి, నాలుగో పేజీ నుంచి గట్టిగా చదవడం మొదలుపెట్టాను. మామ వచ్చి, ముంజేతి లోపలి వైపు పరుపు మీద ఆనించి, పాపాయిని పడుకోబెట్టినంత సేపు ఆగి, "ఒకటిన్నర డిగ్రీ తక్కువ" అన్నాడు. నేను లోలోపల నవ్వుకున్నాను. పెట్టెలోంచి ఖరీదైన థర్మామీటర్ తీసి పెట్టాను. ఒకటి పాయింట్ నాలుగు తక్కువ. నవ్వు లోపలే ఎక్కడో ఇరుక్కుపోయింది. పైన రెండు హీటర్ కడ్డీల్లో ఒకటి చచ్చిపోయింది. మామ మార్చాడు. నేను టార్చి పట్టుకున్నాను. నాలుగేళ్ళ ఇంజనీరింగ్ తర్వాత నా మొదటి వృత్తి ధర్మం టార్చి పట్టుకోవడం. (చప్పట్లు. "టార్చి ఇంజనీర్!" అని వెనక నుంచి ఎవరో.) ఆ పేరు ఆసుపత్రిలో ముందే ఉంది, కొత్తగా పెట్టక్కర్లేదు.

పని అయ్యాక మామ ఒక లావుపాటి రిజిస్టరు తెచ్చాడు. తేదీ, యంత్రం, జబ్బు, చేసిన వైద్యం, అన్నీ ఆయన గుండ్రటి తమిళ అక్షరాల్లో. చివరి గడి ఖాళీ. దాని పైన అచ్చులో ఉంది: ఇంజనీరు సంతకం. "పెట్టు సారూ" అని పెన్ను ఇచ్చాడు. ఆ ఒక్కరోజే నన్ను సారూ అన్నాడు, మర్నాటి నుంచి "ఏమిరా"లోకి దిగిపోయాడు. నేను పెట్టాను. మూడేళ్ళుగా పెడుతున్నాను. ఆయన బాగుచేస్తాడు, నేను సంతకం చేస్తాను. తనిఖీకి వచ్చేవాళ్ళకి కావలసింది చివరి గడి.

నేను రాకముందు ఆ గడి ఎవరు నింపేవారు? మదురై నుంచి ఒక కంపెనీ ఇంజనీరు, సురేష్‌కుమార్ అని, బస్సులో వచ్చేవాడు. ఆయన వచ్చే లోపల రోగి ఆగలేడు కాబట్టి మామ యంత్రాన్ని ముందురోజే బాగుచేసేసి ఉండేవాడు. ఆయన వచ్చి, చూసి, "బాగానే ఉందే" అని, మామ పెన్నుతోనే సంతకం పెట్టి, టీ తాగి పోయేవాడు. వారం తర్వాత కంపెనీ నుంచి బిల్లు వచ్చేది. విజిట్ ఛార్జీ పద్దెనిమిది వేల ఐదు వందలు.

ఆ బిల్లును అకౌంట్స్‌కి తీసుకెళ్ళి ఇచ్చేది ఎవరు? మామే. పదకొండేళ్ళు. ఆ పదకొండేళ్ళలో మామ మనసులో ఒక లెక్క తయారైంది. ఆ లెక్క నాకు పోయిన గురువారం దాకా తెలియదు. మిఠాయి తింటూ చెప్పాడు. ఒక సంతకానికి పద్దెనిమిదిన్నర వేలు. ఆ మనిషి నెలకి ఎన్ని ఆసుపత్రులు తిరుగుతాడో! అన్నీ వద్దు, నాలుగే అనుకో. అంటే డెబ్బై నాలుగు వేలు. "నువ్వు కంపెనీ కాదు, ఒక్క తావునే ఉండేవాడివి, నీకు అంత రాదు, నాకు తెలుసు. అయినా యాబైకి తక్కువ లేదు గదరా?" అన్నాడు.

అప్పుడు నేను నోట్లో మిఠాయి పెట్టుకుని మూడు మాటలు అన్నాను. "ఆ, ఉంటుంది మామా."

ఈ మూడు మాటలు గుర్తుపెట్టుకోండి. వీటి దగ్గరికి మళ్ళీ వస్తాను.

ఇప్పుడు నిన్నటి సంగతి. ప్రసంగానికి ఒక బరువైన వాక్యం కావాలనిపించింది. "చిన్న జీతంతో పెద్ద మనసు" అని రాసుకున్నాను. వాక్యం బాగుంది. ఆ చిన్న జీతం ఎంతో ఒక అంకె వేస్తే ఇంకా బాగుంటుందని జెబకుమార్ అన్న దగ్గరికి పోయాను. "అన్నా, మామ చివరి జీతం ఎంత?" అన్న కంప్యూటర్ తెరను నా వైపు తిప్పాడు. మెయింటెనెన్స్ విభాగం. రెండే పేర్లు, ఒకదాని కింద ఒకటి.

దామోదరసామి, ఇరవై మూడు వేల నాలుగు వందలు.

హరికృష్ణన్, పదహారు వేల ఐదు వందలు.

(హాలులో కలకలం.)

ఆగండి, ఆగండి. సభా మర్యాద. నా జీతం నాకు కొత్త కాదు, నెల నెలా దాన్ని చూసి నేను మొహం తిప్పుకుంటూనే ఉన్నాను. నన్ను కూలదోసింది ఏమిటంటే, ఆ చిన్న జీతపు మనిషి నాకు పైవరుసలో ఉన్నాడు. ఈ చిన్న జీతపు మనిషికి, ఇంజనీరు పెద్ద జీతగాడు కాబట్టి టీ డబ్బులు ఇంజనీరే ఇవ్వాలన్న న్యాయం ప్రకారం, మూడేళ్ళుగా ప్రతి శనివారం టీ, మిఠాయి నేను కొనిస్తున్నాను! ఆయన చాలు అన్నప్పుడు "ఇంకోటి తిను మామా, మనకేం" అని కూడా అన్నాను! (పెద్ద నవ్వులు.)

నవ్వండి, నేనూ నవ్వాను. నవ్వుతూ ఆ తెర ఇంకోసారి చూశాను. కింది వరుస. ఆ కింది వరుసలోకి రావడానికి కార్తిక తొమ్మిది లక్షలు కట్టబోతోంది. పై వరుసలో ఉన్న మనిషి, కింది వరుస తనకంటే పైన ఉందనుకుని, పై వరుసలో ముప్పై మూడేళ్ళు సంపాదించింది మొత్తం రేపు పది గంటలకి ఎత్తి పోయడం మొదలుపెడతాడు. ఎందుకు? నేను మిఠాయి నములుతూ మూడు మాటలు అన్నందుకు.

వెంటనే సురేష్‌కుమార్ అన్నకి ఫోన్ చేశాను. "అన్నా, ఆ పద్దెనిమిదిన్నర వేలలో నీకెంత?" ఆయన ఎంతసేపు నవ్వాడంటే నేను ఫోన్ పక్కన పెట్టి నీళ్ళు తాగి వచ్చాను, ఇంకా నవ్వుతున్నాడు. "తంబీ, అది కంపెనీకి. నాకు బస్సు ఛార్జీ, రోజు బత్తెం రెండొందలు. జీతం ఇరవై రెండు వేలు, పద్నాలుగేళ్ళ అనుభవానికి. అరుప్పుకోట్టై బస్సులో కూర్చునే చోటు దొరికిన రోజు నాకు బోనస్ వచ్చినట్టు." మామా, వింటున్నావా? నువ్వు పదకొండేళ్ళు మోసిన బిల్లు ఆయనది కాదు.

(దామోదరసామి మామ దండ తీసి ఒళ్ళో పెట్టుకుంటాడు.)

సరే, పని మొదలుపెట్టాను కాబట్టి నా పొట్ట కూడా విప్పి చూపిస్తాను. నేను చదువుకి బ్యాంకులో తీసుకుంది నాలుగు లక్షలు. చదువుతున్నంత కాలం, ఆ తర్వాత ఇంకో ఏడాది, కట్టక్కర్లేదు అన్నారు. ఎంత దయగల బ్యాంకో అనుకున్నాం. ఆ అయిదేళ్ళూ వడ్డీ హాయిగా నిద్రపోతుందని మా నాన్న నమ్మకం. అది నిద్రపోలేదు. కట్టడం మొదలుపెట్టే నాటికి నాలుగు లక్షలు అయిదు లక్షల నలభై ఏడు వేలయి కూర్చుంది. నెలకి ఏడు వేల మూడు వందల ఎనభై, పదేళ్ళు. మొత్తం గుణించి చూడండి. ఎనిమిది లక్షల ఎనభై అయిదు వేలు. నేను నిన్నే గుణించాను. మూడేళ్ళుగా చేతిలో ఫోను ఉంది, అందులో కాలిక్యులేటర్ ఉంది, గుణించలేదు. భయంతో గుణించలేదు. ఇంజనీరింగ్ గణితం నాలుగు పేపర్లు పాసయిన మనిషిని.

నా పదహారున్నర వేలలో పీఎఫ్ వగైరా పోగా చేతికి వచ్చేది పద్నాలుగు వేల ఎనిమిది వందల యాభై. వాయిదా పోతే ఏడు వేల నాలుగు వందల డెబ్బై. అది నాది అనుకున్నారా? కాదు. మొయ్ ఉంది.

ఈ హాల్లో మొయ్ తెలియనివాళ్ళు లేరు. నెల్లూరు మిత్రుడి కోసం చెబుతున్నాను, ఒరేయ్, విను. మా వైపు ఇంట్లో శుభకార్యం చేస్తే వచ్చినవాళ్ళు డబ్బు ఇస్తారు. దాన్ని మొయ్ అంటారు. ఎవరెంత ఇచ్చారో నోటు పుస్తకంలో రాసుకుంటాం, మైకులో చదువుతాం. రేపు వాళ్ళింట్లో కార్యం జరిగితే ఆ మొత్తానికి ఇంకొంచెం కలిపి తిరిగి ఇవ్వాలి. నేను మొదటి ఏడాది చేరినప్పుడు హాస్టలు డబ్బు చాలక, మా నాన్న మా అక్క పిల్లలిద్దరికీ చెవులు కుట్టించాడు. రెండోవాడికి అప్పుడు తొమ్మిది నెలలు. వాడు నా కోసం ఏడ్చాడన్నమాట. మొయ్ రెండు లక్షల ముప్పై ఆరు వేలు వచ్చింది. "ఇది అప్పు కాదురా, మనోళ్ళు ఇచ్చింది" అని నాన్న ఆ నోటు పుస్తకాన్ని తుండుగుడ్డలో చుట్టి అటక మీద పెట్టాడు. చదువుకి ఎంత ఖర్చయిందని ఎవరడిగినా బ్యాంకు నాలుగు లక్షలే చెప్పేవాడు. పుస్తకం అటక మీద ఉంది కాబట్టి లెక్కలోకి రాదు.

అది ఇప్పుడు కిందికి దిగింది. బ్యాంకు వాయిదా తప్పితే ఉత్తరం రాస్తుంది. మొయ్ ఇచ్చినవాళ్ళు అలా మర్యాద తప్పరు. పసుపు రాసిన పత్రిక పట్టుకుని, భార్యాబిడ్డలతో ఇంటికి వచ్చి, కాఫీ తాగి, "ఇంజనీరు తంబి తప్పక రావాల" అని నవ్వి పోతారు. ఇంజనీరు అన్న ఆ ఒక్క మాట వల్ల అయిదు వందలు ఇచ్చిన ఇంటికి వెయ్యి ఇస్తే మొహం ముడుచుకుంటారు. ఇది ఆడి నెల, మీ ఆషాఢం లాంటిది, కార్యాలు లేవు, అందుకే మీ ముందు ఈ మాత్రం ఊపిరి పీలుస్తూ నిలబడ్డాను. వచ్చే ఆవణి నెల పుట్టగానే ఆరు పత్రికలు, అన్నీ మా ఇంటి మేకుకి గుచ్చి ఉన్నాయి. నెలకి సగటున రెండున్నర వేలు అక్కడికి. బస్సు, తిండి ఇంకో రెండున్నర. మిగిలిన దాంట్లో మా అమ్మ మందులు, నా చొక్కా, శనివారం టీ.

(దామోదరసామి మామ కుర్చీలోంచి లేచి, మైకు లేకుండానే: "పదారు వేలా? మూడేండ్లుగానా? ఎందుకురా సెప్పలా?")

ఎట్టా చెప్పేది మామా? ఊళ్ళో మా నాన్న నలభై వేలని చెప్పాడు. నువ్వు యాభై అన్నావు. నేను తిరిగే కుర్చీలో కూర్చుని ఉన్నాను. పదహారున్నర అంటే ఆ కుర్చీ తిరగడం ఆగిపోతుందని భయం.

("నీ దగ్గిర మూడేండ్లు టీ తాగితినే రా, పాపిష్టోడా! సెప్పి ఉంటే నేను తాగుదునా?" నవ్వులు. మామ నవ్వడు.)

అందుకే మామా, ఇప్పుడు అందరి ముందూ చెబుతున్నాను. "ఆ, ఉంటుంది మామా" అన్న మూడు మాటలూ అబద్ధం. వెనక్కి తీసుకుంటున్నాను. నా మాట నమ్మి రేపు విరుదునగర్ బస్సు ఎక్కొద్దు. నన్ను తర్వాత తిట్టు, వర్క్‌షాపులో తాళం వేసి తిట్టు. ముందు ఆ కవరు సంగతి చూడు.

(చెల్లమ్మాళ్ అత్త తన చోటు నుంచే, పక్కవాళ్ళకి చెబుతున్నట్టుగా, అందరికీ వినిపించేలా: "నేను అప్పుడే సెప్తిని. సదువు వద్దంటినా? సదివినోళ్ళను పోయి ఎంతొస్తాదని అడగమంటి. అడిగేదానికి సిగ్గంట. తొమ్మిది లచ్చలు ఇచ్చేదానికి సిగ్గులేదంట.")

(చాలాసేపు చప్పట్లు.)

అత్తా, నా ప్రసంగం పావుగంట, నీది అర నిమిషం. నీ ముందు నా డిగ్రీ ఏపాటిది.

(కార్తిక చెయ్యెత్తుతుంది, బడిలో ఎత్తినట్టు. "అన్నా, ఒకటి అడగనా? నిజం చెప్పాలి. మళ్ళీ మొదటి నుంచి అయితే నువ్వు ఇదే చదువుతావా?")

(హరికృష్ణన్ చేతిలోని కాగితం వైపు చూస్తాడు.)

ఈ ప్రశ్న కాగితంలో లేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుంటున్నాను.

కార్తికా, పోయిన నెల మన ఆసుపత్రికి కొత్త వెంటిలేటర్ వచ్చింది. రెండో వారమే ఆక్సిజన్ అంకె తప్పు చూపించడం మొదలుపెట్టింది. మీ తాత దాని పక్కన చెవి పెట్టి విన్నాడు, చెయ్యి పెట్టి చూశాడు, పది నిమిషాలు నిలబడ్డాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఇది నాకు తెలీదురా. సెప్పు" అన్నాడు. ముప్పై మూడేళ్ళ అనుభవమున్న మనిషి. నేను చెప్పాను. లోపలి సెన్సర్ వాడకుండా పడి ఉన్నా ఎలా ముసలిదవుతుందో, కొత్తది వేశాక గాలితో ఒకసారి, నిండు ఆక్సిజన్‌తో ఒకసారి దానికి ఎలా నేర్పించాలో. ఇద్దరం కలిసి చేశాం. టార్చి ఆయన పట్టుకున్నాడు. ఆ సాయంత్రం ఆ యంత్రం మీద ఒక లారీ డ్రైవరు ఊపిరి పీల్చాడు, నాలుగో రోజు మేము పేరు కూడా అడగకుండానే నడిచి ఇంటికి పోయాడు. ఆ రోజు నాకు బ్యాంకు గుర్తు రాలేదు. మొయ్ గుర్తు రాలేదు.

కాబట్టి, అవును. మళ్ళీ ఇదే చదువుతాను. ఇదే ధరకి మాత్రం కొనను. వెల అడగకుండా కొన్నాను, అది నా తప్పు, మా నాన్న తప్పు, ఇప్పుడు మీ తాత చేయబోయిన తప్పు. నీ మార్కులకి కౌన్సెలింగ్‌లో ఈ శుక్రవారం దాకా తలుపు తెరిచే ఉంది. అందులో ఇదే సీటు వస్తే దానికి ఫీజు మూడో వంతు. రాకపోతే ప్రభుత్వ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చదివి కూడా ఈ యంత్రాల దగ్గరికి రావచ్చు, నాకు తెలిసినవాళ్ళే వచ్చారు. ఏ కాలేజీ అయినా సరే, రంగుల ప్రచార పుస్తకం ఇస్తే తీసుకో, విసురుకోవడానికి పనికొస్తుంది. దాన్ని నమ్మకుండా మూడేళ్ళ కిందట అక్కడ చదివి బయటికి వచ్చినవాణ్ణి వెతికి పట్టుకో. చేతికి ఎంత వస్తోంది, ఎంత కడుతున్నావు అని అడుగు. వాడు నాలాగా మిఠాయి నములుతూ "ఆ, ఉంటుంది" అంటే, మిఠాయి మింగేదాకా ఆగి మళ్ళీ అడుగు.

(కార్తిక తాత వైపు తిరిగి ఏదో అంటుంది. మైకు అందకపోవడంతో హరికృష్ణన్ వేదిక చివరికి వెళ్ళి వింటాడు.)

సభకి తెలియజేస్తున్నాను. "శుక్రవారం దాకా ఆగుదాం తాతా" అంది. అంతే అంది.

(దామోదరసామి మామ జేబులోంచి దరఖాస్తు తీసి, రెండుగా మడిచి, మళ్ళీ నాలుగుగా మడిచి, కార్తికకి ఇస్తాడు. "నీదే ఇది. పెట్టేదో మానేదో నువ్వు సెప్పు.")

అధ్యక్షుల వారూ, ఇక ఆ కవరు ఇవ్వవచ్చు. (మామ వేదిక ఎక్కగానే డాక్టర్ గోవిందరాజ్ గారు కవరు అందిస్తారు. మామ దాన్ని చూసి, కిందికి దిగి, చెల్లమ్మాళ్ అత్త వైరు బుట్టలో వేస్తాడు. అత్త బుట్ట మూత మీద చెయ్యి పెట్టుకుంటుంది.) గమనించండి. వెంటిలేటర్ కంటే భద్రమైన చోట పడింది.

అధ్యక్షుల వారిని వదిలిపెట్టలేదు. నిన్న సాయంత్రం నాకు ఒక ఉత్తరం ఇచ్చారు. రేపటి నుంచి దామోదరసామి గారి బాధ్యతలు కూడా హరికృష్ణన్ చూసుకోవాలని అందులో ఉంది. జీతం గురించి ఏమీ లేదు. కాగితం తిప్పి వెనక కూడా చూశాను, అక్కడా లేదు. దీపం వెలుగులో పెట్టి కూడా చూశాను. (నవ్వులు. డాక్టర్ గారు తెలుగులోనే: "సోమవారం రా హరీ. మాట్లాడదాం.") మైకు తెరిచే ఉంది సార్, వీడియో తీస్తున్నారు, నెల్లూరు దాకా పోతుంది. కృతజ్ఞతలు.

చివరిగా ఒక చిన్న పని మిగిలింది. ఇసక్కిసెల్వి సిస్టర్, ఆ రిజిస్టరు ఇలా ఇవ్వండి.

ఈ రోజు పొద్దున, తన వీడ్కోలు సభ రోజున, దండ పడటానికి మూడు గంటల ముందు, మామ పసిపిల్లల వార్డులో అదే వార్మర్‌ని మళ్ళీ బాగుచేశాడు. వద్దంటే వినలేదు. అన్ని గడులూ నింపాడు. చివరి గడి నా కోసం వదిలాడు. నేను నింపలేదు. పదకొండేళ్ళు పరాయి సంతకం కోసం పెన్ను పట్టుకుని నిలబడ్డావు మామా. ఆ పెన్ను ఇటు తే. నువ్వు బాగుచేసిన దానికి నువ్వే పెట్టు.

(మామ రిజిస్టరు వైపు చూస్తాడు. "ఎక్కడరా? దాంట్లో ఇంజనీరు అని ఉండాది గదా.")

ఉంది. అక్కడే. తనిఖీకి వచ్చినవాళ్ళు అడిగితే పక్కన నా డిగ్రీ పెడతాను, ఎనిమిది లక్షల ఎనభై అయిదు వేలు పోసి కొన్నది ఈ మాత్రం అడ్డం నిలబడకపోతే ఎలా.

(దామోదరసామి మామ వేదిక ఎక్కి, నిలబడే, నెమ్మదిగా సంతకం చేస్తాడు. అందరూ లేచి నిలబడతారు.)

ఈ సంతకానికి విజిట్ ఛార్జీ లేదు.

ఓపికగా విన్న పెద్దలకి, నవ్వాల్సిన చోట నవ్వి, ఊరుకోవాల్సిన చోట ఊరుకున్న మీ అందరికీ, తిట్లు దాటేసి తర్జుమా చేసిన జెబకుమార్ అన్నకి, సాంబారు చల్లారిపోతున్నా ఒక్కమాట అనని వంటవాళ్ళకి నా కృతజ్ఞతలు. మామా, నువ్వు రిటైరయినా శనివారం నాలుగు గంటలకి వర్క్‌షాపుకి రావాలి, నీ కుర్చీ అక్కడే ఉంటుంది. నీకూ నాకూ తేడా ఆరు వేల తొమ్మిది వందలు అని ఇప్పుడు ఊరంతా తెలిసింది కాబట్టి, ఈ శనివారం టీ డబ్బులు నీవి.

సెలవు.